నిఘంటువులో లేకపోతే నోట్లో లేనట్టేనా?

చెప్పదలచుకున్నది ముందే సూటిగా చెప్పేస్తాను. పదాల గొలుసు ఆటలో నిఘంటువును న్యాయమూర్తి పీఠం మీద కూర్చోబెట్టడం తప్పు. అది ఆటకు చేటు, ఆడేవాళ్ళకు చేటు, ఎవరిని ఉద్ధరించాలని ఆ పని చేస్తున్నారో ఆ తెలుగుకు అన్నిటికన్నా ఎక్కువ చేటు. ఈ మాట కొందరు మిత్రులకు కష్టంగా తోచవచ్చు. తోచినా ఫరవాలేదు, చివరిదాకా చదివి అప్పుడు తిట్టండి.

ఆట తెలియనివారు ఉండరనే అనుకుంటాను. ఒకరు ఒక పదం చెబుతారు. ఆ పదం ఏ అక్షరంతో ముగిసిందో ఆ అక్షరంతో మొదలయ్యే పదాన్ని తరువాతివారు అందుకోవాలి. పాటలతో ఆడితే దానిని అంత్యాక్షరి అంటున్నాం. పద్యాలతో ఆడిన తరం ఒకటి ఉండేది. మేము ఉత్త పదాలతో ఆడతాం. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలో పుట్టి పెరిగి, బెంగుళూరుకో హైదరాబాదుకో సముద్రాల ఆవలికో వలసపోయిన తొమ్మిదిమందిమి, రాత్రిపూట ఫోనులో ఈ గొలుసు అల్లుకుంటూ ఉంటాం. మా నియమాలు సరళమైనవి. చివరి హల్లును మాత్రమే చూస్తాం, గుణింతం ఏదైనా చెల్లుతుంది. సున్నతో ముగిసే పదాన్ని 'ము'గా భావించి మకారంతో అందుకుంటాం. ణకారం వస్తే నకారం, ళకారం వస్తే లకారం. ఆదోని, నేత, తక్కెడ, డేరా, రాట్నం, మగ్గం, మూట, టెంకాయ... ఇలా సాగుతుంది.

సాగుతుంది అనడం కన్నా సాగేది అనడం సబబు. కొన్ని నెలల క్రితం మా గుంపులోకి ఒక పెద్దమనిషి వచ్చాడు. తెలుగు మీద ఆయనకున్న ప్రేమను నేను శంకించను. వచ్చీ రాగానే ఆటకు ప్రమాణం కావాలన్నాడు. నిఘంటువులో దొరికితేనే పదం, దొరకకపోతే కాదు అన్నాడు. వినడానికి న్యాయంగానే ఉంది కదా అని అందరం తలలూపాం. ఆ రాత్రే మాలో అందరికంటే ఎక్కువ పదసంపద ఉన్న మిత్రుడు, ఎమ్మిగనూరులో మగ్గం చప్పుడు మధ్య పెరిగినవాడు, వరుసగా మూడు మాటలు పోగొట్టుకున్నాడు. 'బ్యాళ్ళు' అన్నాడు. కన్నడం, చెల్లదు. 'జాస్తి' అన్నాడు. తురకమాట, చెల్లదు. 'రోంత' అన్నాడు. నిఘంటువులో లేదు, చెల్లదు. "సరేలేన్నా, మీరే ఆడుకోండి" అని ఒక్క ముక్క వ్రాసి ఊరుకున్నాడు. ఆ తరువాత ఒక్క పదమూ వేయలేదు. ఆటలో ఓడి పోయినవాడు మరుసటి రోజు మళ్ళీ వస్తాడు. నీ ఇంట్లో మాట మాటే కాదు అనిపించుకున్నవాడు ఎందుకు వస్తాడు?

ఆ మూడు మాటల సంగతి చూద్దాం. బ్యాళ్ళు అంటే పప్పు. కందిబ్యాళ్ళు, పెసరబ్యాళ్ళు అని అనని ఇల్లు మా వైపు లేదు. కన్నడంలోని బేళెకు అది తోబుట్టువు. తోబుట్టువుకు పొరుగింటి పోలిక ఉన్నదని ఇంట్లోనుంచి వెళ్ళగొడతామా? జాస్తి అరబ్బీ, పారసీల నుండి దక్కను దారిన వచ్చింది, నిజమే. మరి అదే పూట సదరు పెద్దమనిషి 'రైతు' చెల్లనిచ్చాడు. అది అరబ్బీ నుండి వచ్చినదే. 'జిల్లా' చెల్లింది, అదీ అంతే. 'బజారు' చెల్లింది, అది పారసీ. 'మేస్త్రీ' చెల్లింది, అది పోర్చుగీసువారు వదలిపోయినది. ఇవన్నీ నిఘంటువుకు ఎక్కాయి కాబట్టి తెలుగు, జాస్తి ఎక్కడో ఒక పుటలో ఆయన కంటబడలేదు కాబట్టి పరాయి. అంటే ఇక్కడ కొలబద్ద భాష కాదు. ఏ ప్రాంతంవాళ్ళు అరువు తెచ్చుకున్నారన్నదే కొలబద్ద. ఇక రోంత. రవ్వంత అన్న మాట మా నోళ్ళలో నలిగి రోంత అయింది. వచ్చినాడు వచ్చాడయినట్టు, చేసినాడు చేశాడయినట్టు. ఒక చోటి నలుగుడు శిష్టవ్యవహారం, మరొక చోటి నలుగుడు అపభ్రంశమా?

ఇప్పుడు ఆట లోపలికి వెళదాం. శుద్ధివాదులు పట్టించుకోని చిక్కు ఒకటి అక్కడ ఉన్నది.

తెలుగు అజంత భాష. మాటలు అచ్చుతో ముగుస్తాయి. సరే, ఆ అచ్చుకు ముందు ఏ హల్లులు తరచుగా వస్తాయో ఒకసారి లెక్కపెట్టి చూడండి. మగవాళ్ళను చెప్పే మాటలు డుకారంతో ముగుస్తాయి. తమ్ముడు, అల్లుడు, నాయకుడు. బహువచనాలన్నీ లుకారం. ఊళ్ళ పేర్లు అధికంగా రుకారం. ఎమ్మిగనూరు, ఆలూరు, మీ ఊరు కూడా అందులోనిదే కావచ్చు. చెట్టు, పొట్ట, కట్ట, బుట్ట వంటివాటితో టకారం. అంటే గొలుసు తిరిగి తిరిగి డ, ల, ర, ట అనే నాలుగు వాకిళ్ళ ముందు వచ్చి నిలబడుతుంది. విచిత్రమేమిటంటే ద్రావిడ భాషలలో పూర్వం ఈ ధ్వనులతో మాటలు మొదలయ్యేవి కావు. తెలుగులో కనబడే దేశ్యాలలో చాలావాటికి వర్ణవ్యత్యయం కారణం. తమిళుల ఉరల్ మనకు రోలయింది, కన్నడిగులకు ఒరళుగా మిగిలింది. వాళ్ళ ఇరండు, ఎరడు మనకు రెండు. వాళ్ళ ఇల్లై, ఇల్ల మనకు లేదు. ఏడు పదులు డెబ్బై. ఇలా ముందు అచ్చు వెనక్కు జరగగా దొరికినవి కొన్నే.

కనుక ఆట ఈ వాకిళ్ళ దగ్గర ఆగిపోకుండా సాగాలంటే అరువు మాటలే గతి. రకార లకారాలకు సంస్కృతం కొంత ఆదుకుంటుంది. రథం, రాజు, లత, లాభం. డకార టకారాల దగ్గర సంస్కృతమూ చేతులెత్తేస్తుంది. డమరుకం చెప్పాక తరువాత ఏం చెబుతారు? అక్కడ ఆదుకునేవి డబ్బా, డేరా, టోపీ, టపా. రకారానికి రుమాలు, రసీదు, రద్దు, రాజీ, రోజు. లకారానికి లాంతరు, లంగరు. దక్కనీ ఉర్దూ, పారసీ, మరాఠీ, కన్నడం, పోర్చుగీసు, ఇంగ్లీషు ఇచ్చిన మాటల మీదే తెలుగు గొలుసు నడుస్తుంది. పరాయి మాటలు వద్దన్న రోజున ఆట పదో పదం దగ్గర చచ్చిపోతుంది. ఇది నా అభిప్రాయం కాదు, కావాలంటే ఇవాళ రాత్రి ఆడి చూసుకోండి.

జపానువారికి ఇటువంటి ఆటే ఉన్నది. శిరితోరి అంటారు. వాళ్ళ లిపిలో 'న్' అనే పొల్లు అక్షరంతో ఏ మాటా మొదలుకాదు. కాబట్టి దానితో ముగిసే మాట పలికినవాడు ఓడిపోయినట్టు లెక్క. తమ భాష స్వభావాన్ని చూసుకొని దానిలోనుంచే నియమం పుట్టించుకున్నారు. మనం మాత్రం మన భాష స్వభావాన్ని చూడకుండా బయటినుంచి ఒక నియమం తెచ్చి దాని నెత్తిన పెడుతున్నాం.

ఇదంతా ఎక్కడివారికైనా వర్తించేదే. కాని ఈ నియమం మొట్టమొదట గొంతు నులిమేది సరిహద్దు మనుషులది. అందులోనూ మావాళ్ళది. ఎందుకో చెబుతాను.

ఆదోని కోట విజయనగరం చేతిలో ఉండేది. ఆ తరువాత బిజాపూరు సుల్తానుల చేతికి వచ్చింది, ఆపైన మొగలుల చేతికి, నిజాము వంశీకుల చేతికి. 1786లో టిప్పు సుల్తాను పట్టుకున్నాడు. 1800లో నిజాము ఈ సీమను కుంఫిణీవారికి దత్తం చేశాడు. ఆపైన నూటయాభై ఏళ్ళపాటు ఆదోని బళ్ళారి జిల్లాలో ఒక తాలూకా, ఎమ్మిగనూరు ఆ తాలూకాలోనిది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి జిల్లాను చీల్చారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి, మిగిలిన జిల్లా మైసూరు రాష్ట్రానికి పోయింది. పటం మీద గీత గీయడానికి ఒక్కరోజు చాలు. నోటి మీద గీత ఎవరు గీస్తారు? గీతకు ఇటు ఉన్న అవ్వ కూడా బ్యాళ్ళు అంటూనే ఉంది, దుడ్లు అంటూనే ఉంది, కసువు ఊడుస్తూనే ఉంది, పండగకు ఓళిగలు చేస్తూనే ఉంది. ఆమె తెలుగులోనే మాట్లాడుతోంది. తెలుగు అక్కడ అలాగే ఉంటుంది. అన్ని రాజ్యాలు వచ్చిపోయిన చోట ఏ రాజ్యమూ అంటని భాషను వెదకడం ఎంత వెర్రి!

ఆదోని పత్తి మార్కెట్టులో ఒక్క ఉదయం నిలబడి వినండి. హమాలీ, దలాలీ, కాటా, మండీ, చీటీ, రసీదు. పరాయి మాటలన్నీ తీసివేసి ఆ యార్డులో ఒక్క మూట అమ్మి చూపించమనండి మన పెద్దమనిషిని. అమ్ముడుపోదు. మాట ముందు పుట్టి వ్యాపారం తరువాత రాలేదు. వ్యాపారంతో పాటే మాటా బండెక్కి వచ్చింది.

అక్కడికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఎమ్మిగనూరు. మాచాని సోమప్పగారు 1938లో నేతగాళ్ళ సహకార సంఘాన్ని నిలబెట్టిన ఊరు. పడుగు, పేక, ఆసు, అచ్చు, నాడె, కండె. ఇవి అచ్చమైన పనివాళ్ళ మాటలు. మగ్గం దగ్గర కూర్చోని పండితుడికి వీటిలో సగం తెలియవు. ఆ సంగతి గ్రహించిన పండితుడు ఒకాయన ఉండేవారు, భద్రిరాజు కృష్ణమూర్తిగారు. మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం 1962లో వ్యవసాయ పదాలతో వచ్చింది, రెండవది 1971లో చేనేత పదాలతో వచ్చింది. పుస్తకాలు ముందు వేసుకొని చేసిన పని కాదది. ఊళ్ళకు పోయి, రైతులనూ నేతగాళ్ళనూ అడిగి, ఏ ప్రాంతంలో ఏమంటారో వ్రాసుకొని చేసిన పని. తెలుగునేలను నాలుగు మాండలిక మండలాలుగా గుర్తించడానికి ఆ పదసేకరణే ఆధారం. ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. నిఘంటుకారుడు నేతగాడి దగ్గరకు చేయి చాచి వెళ్ళాడు. నేతగాడు నిఘంటుకారుడి అనుమతి కోసం వెళ్ళలేదు. మన ఆటలో ఈ వరస తలకిందులయింది.

అంతకు నూరేళ్ళ ముందే బ్రౌనుదొర ఈ సంగతి గ్రహించాడు. తెలుగువాళ్ళ నోళ్ళలో, కచ్చేరీ కాగితాలలో తిరిగే అన్యదేశ్యాలను పోగుచేసి 1854లో మిశ్రభాషా నిఘంటువును వేరుగా అచ్చువేయించాడు. సీమదొరకు తెలిసిన మర్యాద మనకు తెలియకపోవడం చింతించవలసిన విషయం. నిఘంటువులన్నీ ఒక్కలాంటివి కావని కూడా గుర్తుపెట్టుకోవాలి. 1936లో మొదటి సంపుటం వెలువడ్డ సూర్యరాయాంధ్ర నిఘంటువు గ్రాంథిక భాషకు ప్రమాణంగా తలపెట్టినది. అది చేయవలసిన పని అది చేసింది. కావ్యంలో మాటకు అర్థం కావాలంటే నేనూ దానినే ఆశ్రయిస్తాను. కాని దానిని తెచ్చి రోంతకు మరణశిక్ష వేయించడం, తూకం వేయడానికి గజంబద్ద తెచ్చినట్టు ఉంటుంది.

ఇక యంత్రాల సంగతి. మనిషి తీర్పరితో పేచీ వస్తోందని కొందరు ఆటను యంత్రానికి అప్పగిస్తున్నారు. దానికి తెలుగు అక్షరమంటే ఏమిటో తెలియదు. ఎమ్మిగనూరు అన్న మాటలో మన చెవికి అయిదు అక్షరాలు. యూనికోడు లెక్కలో పది సంకేతాలు. చిట్టచివరిది రకారం కూడా కాదు, దాని కొమ్ము. చివరి సంకేతంతో మొదలయ్యే మాట అడిగే ఆట అయితే కొమ్ముతో మొదలయ్యే మాట ఎక్కడినుంచి తెస్తాం? సంయుక్తాక్షరాన్ని ఒక్క ముక్కగా లెక్కించే నియమం యూనికోడు ప్రమాణంలోకి 2023లో, 15.1వ కూర్పుతో గాని రాలేదు. తప్పు యంత్రానిది కాదు. అక్షరం అన్న భావనను దానికి చెప్పకుండా తీర్పు చెప్పమన్నవారిది.

ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు వ్రాసుకుంటూ ఆడేవారి పాట్లు ఇంకా ఘోరం. ఆదోని చివర 'ఐ'. ఎమ్మిగనూరు చివర 'యు'. అజంత భాషను ఆ లిపిలో పెడితే ప్రతి మాటా అచ్చుతో ముగిసి, అందరూ ఇకార ఉకారాలతో మొదలయ్యే మాటల కోసం కొట్టుకుంటూ ఉంటారు. ఉప్పు, ఉల్లి, ఉడుత అయ్యాక ఆట ముగిసినట్టే. పైగా దకార డకారాలు, తకార టకారాలు కలగాపులగం. లేఖిని, ఇన్‌స్క్రిప్టు నేర్చుకున్న మనవంటివారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

నిఘంటువు, యంత్రం, రోమను లిపి. మూడూ చేసిన తప్పు ఒక్కటే. ఆడేవారి నోటిని నమ్మకపోవడం.

నాకు ఎదురుపడగల ప్రశ్నలు నాకు తెలుసు. "అలాగయితే అడ్డూ అదుపూ ఉండదు కదా, నోటికి వచ్చినది కూసి ఇది మా ఊరి మాట అంటే?" అంటారు. దీనికి జవాబు సులువు. మాట అంటే ఒక్కడు అనేది కాదు, ఇద్దరి మధ్య నడిచేది. చెప్పినవాడు దానిని పెట్టి ఒక వాక్యం చెప్పాలి. గుంపులో ఇంకొకరు 'అవును, విన్నాను' అనాలి. పుట్టించిన మాటకు రెండవ సాక్షి దొరకడు. వందల ఏళ్ళుగా భాషకు జరుగుతున్న పరీక్ష ఇదే. నిఘంటువులోకి ఎక్కిన ప్రతి మాటా ఈ పరీక్ష దాటాకే ఎక్కింది.

"ఇంగ్లీషు పదాలన్నీ వచ్చి కూర్చుంటాయి కదా" అన్నది రెండవ ప్రశ్న. బస్సు చెల్లుతుంది. టికెట్టు చెల్లుతుంది. మా అవ్వ అనే మాటలు అవి. ఇంగ్లీషు నవలలో మాత్రమే కనబడే మాట చెల్లదు, ఎందుకంటే దానితో ఆదోని బస్టాండులో ఎవరూ ఏమీ అడగరు. అదే వాక్యపరీక్ష, అదే సాక్షి.

మూడవది గట్టి ప్రశ్న. "పిల్లలకు తెలుగే రావడం లేదు, కనీసం ఆటలోనైనా మంచి తెలుగు నేర్పకూడదా?" ఈ ఆవేదన నాకూ ఉన్నది. కాని నేర్పడం వేరు, తీసివేయడం వేరు. బ్యాళ్ళు అన్న పిల్లవాడికి పప్పు అని కూడా అంటారని చెప్పండి, వాడికి రెండు మాటలు వస్తాయి. బ్యాళ్ళు తప్పు అని చెప్పండి, వాడికి ఒక్క మాటా మిగలదు. పప్పు ఇంకా వాడిది కాలేదు, బ్యాళ్ళు ఇక వాడిది కాదు. మూడవ రోజుకు వాడు 'దాల్' అంటాడు, ఆ మాటను మాత్రం ఎవరూ తప్పుపట్టరు కనుక. తెలుగు తరగడానికి కారణాలలో పరాయి మాటల రాక ఎన్నో స్థానంలో ఉందో గాని, సొంత మాట పట్ల సిగ్గు మాత్రం ముందు వరుసలో ఉంది. ఆ సిగ్గును బడిలో కొంత నేర్పారు, సినిమాలలో మా యాసను నరుకుళ్ళకూ హాస్యానికీ వాడి మరికొంత నేర్పారు. మిగిలినది మన చేతులతో, ఆటలో కూడా, మనమే నేర్పాలా?

కాబట్టి మా గుంపులో ఈ వారం నేను ప్రతిపాదించిన నియమాలు ఇవి. ఒకటి, చెప్పినవాడి వాక్యం, మరొకరి సాక్ష్యం ఉంటే ఏ మాటైనా చెల్లుతుంది. రెండు, తెలియని మాట విన్నవాడు 'చెల్లదు' అనకూడదు, 'అంటే ఏమి?' అని అడగాలి. మూడు, నిఘంటువును ఆట అయ్యాక తెరవాలి, తీర్పుకోసం కాదు, దొరకని మాటలను ఒక చీటీ మీద వ్రాసిపెట్టడం కోసం. మొదటి వారంలోనే ఆ చీటీ నిండితే తక్కువైనది మా తెలుగు కాదని తేలుతుంది.

పెద్దమనిషి ఇంకా ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోయినా ఆయన గుంపులో ఉండాలనే నా కోరిక, ఆయనకు తెలిసిన కావ్యపదాలు మాకు కావాలి. కాని వాటికోసం ఎమ్మిగనూరు మిత్రుణ్ణి వదులుకొనే బేరానికి మాత్రం నేను సిద్ధంగా లేను. ఆయన పదాలు పుస్తకంలో ఎప్పుడైనా దొరుకుతాయి. వీడి పదాలు వీడి నోట్లో తప్ప ఇంకెక్కడా దొరకవు.

తా.క. మీ మీ ఊళ్ళలో డకారంతో మొదలయ్యే మాటలు ఏమున్నాయో కాస్త జ్ఞాపకం చేసుకోండి. ప్రతి ఆటలోనూ గొలుసు అక్కడే తెగుతోంది. నిఘంటువులో ఉన్నవి మాకు తెలుసు, లేనివి కావాలి.